ఆఫీసు బట్టలకు గుడ్డ తీసేముందు: పన్నా, కౌంటు, బకరం, బెల్టు

గుంటూరు_గోంగూర
ఆరు చొక్కాలు, నాలుగు ప్యాంట్లకు గుడ్డ తీయాలి. బ్యాంకు కౌంటరు పని. లోపల ఏసీ, బయట మే నెల గుంటూరు, రానూపోనూ ముప్పావు గంట స్కూటరు. రెడీమేడ్‌లో మెడ కుదిరితే చేతులు పొడుగు, చేతులు కుదిరితే పొట్ట బిగువు, కాబట్టి కుట్టించడమే. మా ఆవిడకి ఆఫీసు చీరలు కూడా చూడాలి. అడగదల్చుకున్నవి ఇవి: ఎన్ని మీటర్లు తీయాలి? "ప్యూర్ కాటన్" అని షాపులో చెప్పేదాన్ని ఎలా పరీక్షించాలి? బెల్టు, బూట్లు కొనేటప్పుడు ఏం చూడాలి? ఛాతీ 40, నడుము 36, ఎత్తు 5 అడుగుల 8.

కత్తెర_మేష్టారు
మీటర్ల లెక్క ముందు తేల్చేద్దాం. పన్నా, అంటే గుడ్డ వెడల్పు ఎన్ని అంగుళాలో, చెప్పకుండా "చొక్కాకి ఎన్ని మీటర్లండీ" అంటే దానికి జవాబు లేదు. మీ 40 సైజు ఫుల్ చేతుల చొక్కా తీసుకుని చూడండి.

వెనక ముక్క అడ్డం ఇరవై మూడున్నర అంగుళాలు. ముందు ముక్కలు రెండు, గుండీల పట్టీతో కలిపి ఒక్కోటి పద్నాలుగున్నర. మొత్తం యాభై రెండున్నర. అంటే 58 పన్నాలో మూడూ పక్కపక్కనే పడుకుంటాయి. ఈ వరసకి పొడవు 31 అంగుళాలు. కింది వరసలో రెండు చేతులు, ఒక్కోటి 18 అడ్డం, 23 పొడవు. చేతుల పక్కన మిగిలిన 22 అంగుళాల జాగాలో కాలరు, భుజం పట్టీ, కఫ్‌లు, జేబు రావాలి. 31, 23 కలిపితే 54 అంగుళాలు, అంటే 137 సెంటీమీటర్లు. కాలరు, భుజం పట్టీ రెండు మడతల్లో కోయాలి కాబట్టి ఆ జాగా చాలదు. ముడుచుకోవడం కూడా కలుపుకుని 1.6 మీటర్లు తీయండి.

అదే 36 పన్నా అయితే ముందు ముక్కలది ఒక వరస, వెనక ముక్కది ఇంకో వరస, చేతులది మూడోది. 31, 31, 23 కలిపితే 85 అంగుళాలు, 216 సెంటీమీటర్లు. అందుకే రెండుంబావు నుంచి రెండున్నర అడుగుతాం. 44 పన్నాకి 2.1 చాలు.

ప్యాంటుకి 58 పన్నాలో 1.2 మీటర్లు. నడుము 40 దాటితే వెనక ముక్కలు పక్కపక్కన ఇమడవు, 1.4 కావాలి. అంగుళం మించిన గళ్లయితే చొక్కాకి ఇంకో 20 సెంటీమీటర్లు వేసుకోండి. జేబు గడి ఛాతీ గడితో కలవాలంటే గుడ్డ వృథా అవుతుంది, తప్పదు.

చిలకలూరిపేట_శ్రీను
మంగళగిరి షాపులో 1.6 సరిపోతుందన్నారు, ఇంటికొచ్చి కొలిస్తే పన్నా 44. ఇప్పుడు ఎలా మేష్టారూ?

కత్తెర_మేష్టారు
హాఫ్ చేతులు కుట్టించుకోండి శ్రీను గారూ. భుజం పట్టీ లోపలి మడతకి, కాలరు పట్టీ లోపలికి అదే రంగు వేరే గుడ్డ వేయమనండి. బయటికి కనబడదు. నాజూగ్గా కూడా ఉంటుంది. ఫుల్ చేతులు కావాలని పట్టుపడితే చేతి కింద అతుకు పడుతుంది.

ఇకమీదట గుర్తుంచుకోవలసింది ఒక్కటే. చేనేత షర్టింగ్ ఎక్కువగా 44 నుంచి 46 లోపే ఉంటుంది, మిల్లు గుడ్డ 58. టేపు మీ జేబులోనే పెట్టుకు వెళ్లండి.

పడుగుపేక
గోంగూర గారి "ప్యూర్ కాటన్" సంగతి.

గుడ్డ మూల నుంచి నిలువు పోగు (పడుగు) ఒకటి, అడ్డం పోగు (పేక) ఒకటి విడివిడిగా లాగండి. అందరూ చేసే పొరపాటు ఇక్కడే. ఒక్క పోగు తీసి కాల్చి "కాటనే" అని సంతోషపడతారు. పడుగులో పాలియెస్టర్ పెట్టి పేకలో నూలు వేసిన గుడ్డ బజార్లో కొల్లలు. రెండు అంగుళాల పోగుని పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ల పళ్లెం పెట్టుకుని, అగ్గిపుల్ల చూపించండి.

నూలు గబుక్కున అంటుకుంటుంది. కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద మెత్తగా వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలియెస్టర్ మంటకి దూరంగా ముడుచుకుని, కరిగి, చివర నల్లటి గట్టి పూసవుతుంది. గోటితో నొక్కినా నలగదు. ఉన్నీ, పట్టు జుట్టు కాలిన వాసనేస్తాయి, మంట తీసేస్తే వాటంతటవే ఆరతాయి. బూడిదలో చిన్న చిన్న గట్టి పలుకులు తగిలితే అది మిశ్రమం.

ఇక కౌంటు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అది అన్నో కౌంటు. 40 కౌంటు అంటే 40 చిలపలు, 100 కౌంటు అంటే 100. అంకె పెరిగేకొద్దీ పోగు సన్నం. రోజూ తొడిగే ఆఫీసు చొక్కాకి ఒంటి పోగు 50, 60 కౌంటు చాలు. 100 కౌంటు కావాలంటే రెండు పోగులు పేనినది తీసుకోండి, తాను మీద 2/100 అని ఉంటుంది. ఒంటి పోగు 100 కౌంటు చూడ్డానికి వెన్నలా ఉంటుంది గానీ కాలరు మడత దగ్గర త్వరగా చిరుగుతుంది, లోపలి బనియను కూడా కనబడుతుంది.

వరంగల్_వాసు
పడుగుపేక అన్నా, గా కాల్చుడుల విస్కోస్ ఎట్ల తెలుస్తది? అది గూడ కాగితం లెక్కనే కాలుతది గద.

పడుగుపేక
తెలియదు వాసూ, నిజమే. విస్కోస్ కూడా చెట్టు గుజ్జు నుంచి వచ్చిందే, మంటలో నూలు లాగే ప్రవర్తిస్తుంది. దానికి నీళ్ల పరీక్ష. పోగుని తడిపి రెండు చేతులా లాగు. నూలు తడిస్తే బలం పెరుగుతుంది, విస్కోస్ తడిస్తే నీరసపడి పుటుక్కున తెగుతుంది. పొడి పోగునీ తడి పోగునీ పక్కపక్కన లాగి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

అమీర్‌పేట్_అనిత
ఒక సందేహం. స్కూటరు మీద వచ్చేవాళ్లకి ప్యూర్ కాటన్ ఎందుకు? ఆఫీసుకి చేరేసరికి వీపు అంతా నలిగిపోయి ఉంటుంది. 65-35 పాలీకాటన్ (పాలియెస్టర్ 65, నూలు 35) అయితే ఇస్త్రీ సాయంత్రం దాకా నిలుస్తుంది కదా.

పడుగుపేక
ఇస్త్రీ నిలుస్తుందమ్మా, చెమటే ఇంకదు. మామూలు గాలిలో ఉన్నప్పుడు నూలు తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమ పట్టుకుంటుంది. పాలియెస్టర్ అరశాతం కూడా పట్టదు. విస్కోస్ 11 నుంచి 13, ఉన్ని 16. పాలియెస్టర్ చొక్కాలో చెమట గుడ్డలోకి ఇంకక ఒంటి మీదే ఉండిపోతుంది, అలాగే ఏసీలోకి వెళ్తే వీపు చల్లబడి వణుకు. పైగా పాలియెస్టర్‌కి నూనె మీద ప్రేమ ఎక్కువ. చంకల దగ్గర ఒంటి జిడ్డు పట్టేసి, ఉతికినా ఆ వాసన వదలదు. ఇస్త్రీ వేడి తగలగానే మళ్లీ లేస్తుంది.

కత్తెర_మేష్టారు
అనిత గారి మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని ప్యాంటుకి వాడుకోండి.

చొక్కాకో న్యాయం, ప్యాంటుకో న్యాయం. చొక్కా ఒంటిని అంటుకుని చెమట మోస్తుంది, అది నూలే ఉండాలి. ప్యాంటు సీటు మీద రాపిడి మోస్తుంది, మోకాళ్ల దగ్గర సాగుతుంది. నూలు ప్యాంటు పది ఉతుకులకే రంగు దిగుతుంది, మోకాళ్లు బుడగల్లా వస్తాయి. ప్యాంటుకి 65-35 పాలియెస్టర్ విస్కోస్, బరువు చదరపు మీటరుకి 240 నుంచి 270 గ్రాములు. ఇంకా మంచిది కావాలంటే 55-45 టెర్రీ ఊల్ (పాలియెస్టర్, ఉన్ని కలిపినది). ఉన్ని అనగానే మే నెలలో ఏంటని భయపడకండి, సన్నగా పల్చగా నేసిన ఉన్ని గాలి ఆడనిస్తుంది. 200 గ్రాముల కన్నా తక్కువైతే మాత్రం జేబులో పెట్టిన తాళంచెవి ఆకారం బయటికి అచ్చుగుద్దినట్టు కనబడుతుంది.

టెర్రీ ఊల్‌కి ముందు భాగంలో మోకాలి కింద వరకు లైనింగ్ వేయించుకోండి. తొడకి గుచ్చుకోదు, మోకాలు సాగదు.

లైక్రా కలిసిన ప్యాంటు గుడ్డ గురించి ఒక్క మాట. రెండు మూడు శాతం లైక్రాయే ఉంటుంది, ఇస్త్రీ బండి బొగ్గుల పెట్టె దాన్ని మూడు నెలల్లో చంపేస్తుంది. సాగిన చోట మళ్లీ ముడుచుకోదు. బయట ఇస్త్రీకి ఇచ్చే అలవాటుంటే లైక్రా జోలికి వెళ్లొద్దు.

వరంగల్_వాసు
"రింకిల్ ఫ్రీ కాటన్" అని అమ్ముతున్నరు. గది తీస్కుంటే రెండు పక్షాల గొడవ తీరుతది గద మేష్టారూ.

అద్దకం_రంగులు
దీనికి నేను చెప్తాను. అది నూలే. నేశాక దాని మీద రెజిన్ ఎక్కించి వేడి పెట్టి పోగులో అణువుల్ని ఒకదానికొకటి కట్టేస్తారు. కదలిక పోతుంది కాబట్టి ముడత పడదు. అదే కారణాన పోగు పెళుసెక్కుతుంది కూడా. కాలరు అంచు, కఫ్ అంచు, జేబు మూల ముందుగా చిట్లుతాయి. తేమ పీల్చడం కూడా కొంత తగ్గుతుంది. ఏడాది తొడిగి పక్కన పెట్టేవాళ్లకి పనికొస్తుంది. కొత్తది ఉతక్కుండా తొడగొద్దు, ఆ రెజిన్‌లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, కొందరికి చర్మం మండుతుంది.

ముడతలు తక్కువ కావాలంటే నేతలో చూసుకోండి. పాప్లిన్ (సాదా నేత) కన్నా ట్విల్ తక్కువ నలుగుతుంది. దగ్గరగా చూస్తే ట్విల్ మీద ఏటవాలు గీతలు కనబడతాయి. లినెన్ మాత్రం ముడతలకి పుట్టిల్లు. 60 లీ (లినెన్ పోగు కౌంటుని లీ అంటారు) లినెన్ చొక్కా అందంగానే ఉంటుంది గానీ కౌంటరు మీద మోచేతులు ఆనించే ఉద్యోగానికి కాదు.

కత్తెర_మేష్టారు
ఇప్పుడు కాలరు. ఎంత మంచి గుడ్డ తెచ్చినా చొక్కా పాడయ్యేది ఇక్కడే.

రెండు ఉతుకుల తర్వాత కాలరు మీద నీటి బుడగల్లా లేస్తాయి, చూశారా? గుడ్డ తప్పు కాదది. లోపల కాలరుని బిగువుగా నిలిపే పేస్టింగ్ బకరం గుడ్డ ఉంటుంది, దాని మీద జిగురు చుక్కలు. సరైన వేడి, సరైన ఒత్తిడి, సరైన సమయం, మూడూ పడితేనే జిగురు గుడ్డని పట్టుకుంటుంది. ఫ్యాక్టరీలో దానికి ప్రెస్ ఉంటుంది, 150 డిగ్రీల పైచిలుకు వేడి, పన్నెండు పదిహేను సెకన్లు. మామూలు షాపులో ఇస్త్రీపెట్టె రాసేస్తారు. జిగురు అక్కడక్కడే అంటుతుంది. ఉతికినప్పుడు పైగుడ్డ ముడుచుకుంటుంది, బకరం ముడుచుకోదు. అంటని చోట గుడ్డ లేచి బుడగ అవుతుంది.

దర్జీకి ఇలా చెప్పండి: ఇస్త్రీపెట్టెని జరపొద్దు, ఎత్తి పెట్టి పదిహేను సెకన్లు నొక్కి, మళ్లీ ఎత్తి పక్కన పెట్టాలి. ఆవిరి ఆపేయాలి. అయ్యాక చల్లారేదాకా కదపకూడదు, వేడి మీద మడిస్తే జిగురు జారుతుంది. చల్లారాక మూలని గోటితో లేపి చూడాలి. లేస్తే మళ్లీ నొక్కాల్సిందే.

చేనేత గుడ్డకి నేను పేస్టింగ్ వద్దంటాను. నూలు బకరం గుడ్డతో పాటే నానబెట్టి, ఆరబెట్టి, కుట్టి వేయాలి. కాలరు గట్టిగా నిలబడదు, కాస్త మెత్తగా ఉంటుంది. గంజి పెట్టుకుంటే నిలబడుతుంది.

పడుగుపేక
నానబెట్టడం మాటొచ్చింది కాబట్టి. చేనేత నూలు నాలుగైదు శాతం ముడుచుకుంటుంది. రెండు మీటర్ల గుడ్డలో ఐదు శాతం అంటే పది సెంటీమీటర్లు పోయినట్టే. చేతి పొడవులోనే అంగుళం కన్నా ఎక్కువ తేడా వస్తుంది. కోయకముందే మామూలు నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, పిండకుండా నీడలో వేలాడదీసి, కొంచెం చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేసి దర్జీకి ఇవ్వండి. మిల్లు గుడ్డ మీద సాన్‌ఫరైజ్డ్ (ముందే ముడుచుకునేలా చేసినది) అని ముద్ర ఉంటే మానేయొచ్చు.

నారాయణపేట_నీరజ
చీరల సంగతి ఎవరూ ఎత్తలేదు, అడిగింది ఆయనే కదా. 🙂

ఆఫీసుకి రోజూ కట్టేదానికి మంగళగిరి, నారాయణపేట నూలు చీరలు మేలు. మంగళగిరిది గుంట మగ్గం మీద దిట్టంగా పడిన నేత, 80 కౌంటు, బాడీలో, అంటే చీర మధ్య భాగంలో, బుటాలేమీ ఉండవు, అంచే అందం. వెంకటగిరి 100 కౌంటు, గాలిలా ఉంటుంది గానీ పల్చన. లోపల లంగా రంగు కలవకపోతే ఏసీ ట్యూబులైట్ కింద తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గద్వాల్ రోజువారీకి వద్దు. నూలు బాడీకి పట్టు అంచు కలిపి నేస్తారు, ఇంట్లో ఉతికితే నూలు ముడుచుకున్నంత పట్టు ముడుచుకోక అంచు అలలు తిరుగుతుంది.

పోచంపల్లి కొనేటప్పుడు ఒక పోగు లాగి చూడండి. అసలు ఇక్కత్‌లో నూలునే ముందు ముడులు కట్టి అద్దుతారు, ఆ తర్వాతే నేత. కాబట్టి ఒకే పోగు మీద కొంత దూరం ఎరుపు, కొంత దూరం తెలుపు, ఇలా రంగు మారుతూ పోతుంది, పోగు చుట్టూ అంతా అదే రంగు. అచ్చు వేసిన నకలులో పోగుని తిప్పితే వెనకవైపు వెలిసి ఉంటుంది. కేంద్రం 2006లో తెచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ చీటీ ఉందో లేదో చూడండి. ఆప్కో, టెస్కో షోరూముల్లో అడగొచ్చు.

ఫాల్ గురించి దర్జీల మీద నాకు కోపం. నూలు ఫాల్‌ని నానబెట్టకుండా కుట్టేస్తారు. మొదటి ఉతుకులో ఫాల్ ముడుచుకుని చీర అంచుని లోపలికి లాగేస్తుంది, కుచ్చిళ్లు కింద బొంగరంలా ఉబ్బుతాయి. ఫాల్, జాకెట్టు లైనింగ్ రెండూ రాత్రి నానబెట్టి, ఆరబెట్టి ఇస్త్రీ చేసి ఇవ్వండి. చీర కూడా ఒకసారి నీళ్లు చూశాకే ఫాల్. కుట్టు చేతి కుట్టే, అంగుళానికి మూడు పోట్లు చాలు, దారం బిగించకూడదు.

జాకెట్టు చంకల దగ్గర మార్జిన్ ఒకటిన్నర అంగుళం వదిలించుకోండి. లైనింగ్ లేత రంగు నూలు. ముదురు రంగు లైనింగ్ చెమటకి వదిలి ఒంటికి అంటుతుంది.

ఇక ఐడీ కార్డు. చీరకి అసలు శత్రువు అదే. తాడు చివర ఉండే ఇనప కొక్కెం పల్లూ మీద, జరీ అంచు మీద రాసుకుంటూ పోగులు లాగేస్తుంది. ప్లాస్టిక్ కొక్కెం ఉన్న తాడు తీసుకోండి, లేదా కార్డుని జాకెట్టు నడుము పట్టీ దగ్గర క్లిప్పుతో పెట్టండి. పిన్ను స్టెయిన్‌లెస్ స్టీల్‌దే. మామూలు పిన్ను చెమటకి తుప్పు పట్టి చీర మీద గోధుమ రంగు చుక్క పెడుతుంది, అది పోదు. పల్లూ పిన్ను గుచ్చే చోట పిన్నుకి ముందు ఒక ముత్యం పూస ఎక్కించండి. పిన్ను చుట్టలోకి గుడ్డ ఇరుక్కుని చిరగదు.

గుంటూరు_గోంగూర
నీరజ గారూ, మా ఆవిడ ఇదంతా ప్రింట్ తీసుకుంది. ముదురు రంగు చీరలు మొదటిసారి కళ్లుప్పు నీళ్లలో వేస్తే రంగు నిలుస్తుందంటారు, ఎంత వేయాలి?

నారాయణపేట_నీరజ
బకెట్‌కి గుప్పెడు. అందరం అదే చేస్తాం.

అద్దకం_రంగులు
నీరజ గారూ, ఏమీ అనుకోకండి, ఉప్పు రంగుని పట్టించదు.

ఈ నమ్మకం అద్దకం తొట్టి నుంచే వచ్చింది. రంగు వేసే తొట్టిలో ఉప్పు వేయడం నిజం. నీళ్లలో ఉన్న రంగుని పోగు వైపు తోయడానికి వేస్తారు. రియాక్టివ్ రంగుల్లో ఆ తర్వాత వాషింగ్ సోడా వేస్తేనే రంగు పోగుతో ముడిపడుతుంది. ముడిపడని రంగుని వేడినీళ్లతో కడిగేయాలి. ఆ కడగడం సరిగా చేయని చీరే మీ ఇంట్లో రంగు వదిలేది. ఆ మిగులు రంగు పోవాల్సిందే, ఉప్పు వేస్తే ఆ పూట నీళ్లలోకి తక్కువ దిగి, తర్వాతి ఉతుకులో మళ్లీ దిగుతుంది. వెనిగర్‌దీ అదే కథ.

చేయాల్సింది వేరే. మొదటి మూడు నాలుగు సార్లు విడిగా, చన్నీళ్లలో, కుంకుడు రసంతోనో తేలికపాటి ద్రవంతోనో. నానబెట్టొద్దు, ఐదు నిమిషాల్లో తీసేయండి. తడి చీరని మడిచి కుప్పగా వదలొద్దు, అంచు ఎరుపు బాడీ తెలుపులోకి పాకేది అప్పుడే. ఆరేసేది నీడలో.

కొనేటప్పుడే తేల్చుకోవాలంటే తెల్ల చేతిరుమాలు తడిపి ముదురు భాగం మీద పదిసార్లు రుద్దండి. లేతగా అంటితే ఫరవాలేదు. రుమాలు చీర రంగుకి మారిందంటే అది తెల్ల లంగా మీద, కుర్చీ గుడ్డ మీద కూడా దిగుతుంది. నీలిమందు అద్దకం మాత్రం మినహాయింపు, దాని నైజమే రాలడం.

నారాయణపేట_నీరజ
మా నాయనమ్మ వినాలి ఈ మాట. సరే, గుప్పెడు ఉప్పు పచ్చడికి మిగిలింది. మరి గంజి మీదైనా మీకు అభ్యంతరం లేదు కదా?

అద్దకం_రంగులు
గంజికి నమస్కారం. సగ్గుబియ్యం గంజి అన్నం గంజి కన్నా శుభ్రంగా ఉంటుంది. రెండు చెంచాలు లీటరు నీళ్లలో పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టి, నాలుగు లీటర్ల చన్నీళ్లలో కలపండి. వడకట్టకపోతే నల్ల, ముదురు నీలం బట్టల మీద తెల్ల పొలుసులు లేస్తాయి. బట్టని తిరగేసి ముంచండి. దాచిపెట్టే బట్టలకి మాత్రం గంజి వద్దు, వెండి పురుగులు ఆ పిండి కోసమే వస్తాయి, పైగా గంజి బిరుసుకి మడత దగ్గర పోగు తెగుతుంది.

పొందూరు ఖద్దరు తీసుకునేవాళ్లకి గంజి దాదాపు తప్పనిసరి. చేత్తో వడికిన పోగు సమంగా ఉండదు, నూగు లేస్తుంది. గంజి ఆ నూగుని అణచి పెడుతుంది. వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేయొద్దు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి తీసిన పోగది, మెషీన్ తిప్పుడుకి తట్టుకోదు.

విశాఖ_తోలుపని
బెల్టు, బూట్లు.

బెల్టు అడ్డం 30 నుంచి 35 మిల్లీమీటర్లు. 38 అంటే జీన్స్‌ది, ఆఫీసు ప్యాంటు లూపుల్లో ఇరుక్కుంటుంది. నడుము 36 అయితే బెల్టు 38. కొలిచేది బకిల్ కడ్డీ నుంచి మధ్య చిల్లు దాకా. తగ్గించాల్సి వస్తే బకిల్ వైపు కోయించండి. చిల్లుల వైపు కోస్తే కొన ఆకారం పోతుంది.

"జెన్యూన్ లెదర్" ముద్రని నమ్మొద్దు. తోలే అని చెప్తుంది తప్ప ఏ పొర అన్నది చెప్పదు. తోలుని అడ్డంగా చీల్చగా వచ్చిన కింది పొర మీద ప్లాస్టిక్ పూత పూసినా ఆ ముద్రే. బెల్టు అంచు చూడండి. పైనుంచి కింది దాకా ఒకే రకం పీచు కనబడితే మంచిది. మధ్యలో అట్టలాంటిదో, గుడ్డ పొరో కనబడితే అతుకుల సరుకు. వెనక్కి మడిచి చూడండి, సన్న ముడతలు పడి నిఠారుగా చేయగానే పోతే తోలు. ఒకే గీతగా విరిగితే పూత.

పీయూ బెల్టు, పీయూ బూటు అడుగు మన కోస్తా గాలికి నిలవవు. పాలీయురెథేన్‌ని తేమ, వేడి కలిసి లోపల్నుంచి విడగొడతాయి. వాడకుండా పెట్టెలో పెట్టినా సరే, రెండు మూడేళ్లకి ఒకరోజు నడుస్తుంటే అడుగు ముక్కలై రాలుతుంది. వానాకాలానికి రబ్బరు అడుగు ఉన్న డెర్బీ బూటు తీసుకోండి. తోలు అడుగు తడి టైల్స్ మీద జారుతుంది. డెర్బీయే ఎందుకంటే తాడు రెక్కలు విడిగా ఉంటాయి, వెడల్పు పాదానికి సర్దుకుంటాయి. రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు వేసుకుంటే చెమట ఆరుతుంది. తడిస్తే లోపల న్యూస్‌పేపరు కుక్కి ఫ్యాన్ కింద పెట్టండి. ఎండలో పెడితే తోలు పగులుతుంది.

బెల్టు, బూటు ఒకే రంగు. మేజోళ్లు ప్యాంటు రంగువి, పిక్క మధ్య దాకా. కూర్చున్నప్పుడు కాలి చర్మం కనబడకూడదు, అంతే.

అమీర్‌పేట్_అనిత
నల్ల ప్యాంటు సీటు, జేబుల దగ్గర నిగనిగలాడుతుంది. గుడ్డ అరిగిపోయినట్టేనా? కొత్తది, ఆరు నెలలే.

కత్తెర_మేష్టారు
ఆరు నెలలకి అరగదు. ఇస్త్రీ పని అది. పాలియెస్టర్ పోగు పైభాగం వేడికి కరిగి చదునవుతుంది, చదునైన చోట వెలుగు తిరిగి కొడుతుంది. కుట్లు, జేబుల అంచులు లోపల మందంగా ఉంటాయి కాబట్టి అక్కడ ఒత్తిడి ఎక్కువ పడి ముందు మెరుస్తాయి. తిరగేసి ఇస్త్రీ చేయించండి, మడత గీత కోసం తిప్పినప్పుడు పైన తడి నూలు గుడ్డ పరచమనండి. కరిగినది మళ్లీ వెనక్కి రాదు. ఉన్ని కలిసిన ప్యాంటైతే మాత్రం ఆవిరి పట్టి మెత్తని బ్రష్‌తో నూగు లేపితే చాలావరకు పోతుంది.

గుంటూరు_గోంగూర
చిట్టా రాశాను, సరిదిద్దండి. చొక్కాలు: 2/80 మిల్లు ట్విల్ నాలుగు, రెండు తెలుపు, ఒక లేత నీలం, ఒక సన్న గీతలది, 58 పన్నా, ఒక్కోటి 1.6. మంగళగిరి రెండు, 44 పన్నా, ఒక్కోటి 2.1. ప్యాంట్లు: 65-35 మూడు, టెర్రీ ఊల్ ఒకటి, ఒక్కోటి 1.2. నల్ల బెల్టు, నల్ల డెర్బీలు రెండు జతలు.

పడుగుపేక
మంగళగిరికి 2.2 తీయండి, నానబెడితే పోయేది లెక్కేసుకోలేదు మీరు. రెండూ ఒకే తానులోంచి తీస్తే ముక్కలు కలిసొస్తాయి, అప్పుడు కలిపి 4.3 చాలు.

కత్తెర_మేష్టారు
తెల్ల చొక్కాలు రెండిటికీ కాలరుకి, కఫ్‌లకి ఒక్కో జత ముక్కలు అదనంగా కోయించి పెట్టుకోండి, 20 సెంటీమీటర్లు ఎక్కువ తీస్తే వస్తాయి. అవి కూడా చొక్కాతో పాటే రెండు మూడు సార్లు ఉతికి దాచాలి, లేకపోతే మార్చినప్పుడు కొత్త తెలుపు పాత తెలుపు వేరుగా కనబడతాయి. తెల్లవాటికి క్లోరిన్ బ్లీచ్ వద్దు, చెమట మరక ఇంకా పసుపెక్కుతుంది. ఆక్సిజన్ బ్లీచ్ పొడి గోరువెచ్చని నీళ్లలో అరగంట.

గుండీలు 18 లైన్ సైజు, నాలుగు చిల్లులవి. కాలరుకి మాత్రం 16.

చిలకలూరిపేట_శ్రీను
మేష్టారూ, గుండీలు నెలకోటి ఊడుతున్నాయి. దారం మార్చమనాలా?

కత్తెర_మేష్టారు
దారం కాదు శ్రీను గారూ, గుండీ కింద దారపు మెడ లేదు. మెషీన్ మీద గుండీని గుడ్డకి అంటించి కుట్టేస్తారు. కాజా అంచు మందం దాని కింద దూరడానికి జాగా ఉండదు, పెట్టినప్పుడల్లా దారం మీద లాగుడు. ఇంట్లో కుట్టేటప్పుడు గుండీ మీద అగ్గిపుల్ల అడ్డంగా పెట్టి దాని మీదుగా దారం పోనివ్వండి, నాలుగైదు చుట్లు. పుల్ల తీసేస్తే గుండీ కాస్త పైకి లేస్తుంది. ఆ వదులు దారం చుట్టూ గుండీ కింద మూడుసార్లు చుట్టి, వెనక్కి దింపి ముడేయండి. పాలియెస్టర్ దారం రెండు పేటలు చాలు, నాలుగు పేటలు వేస్తే చిల్లులోనే రాసుకుని తెగుతుంది.